నలభై రోజుల ఆముదం

రాజోలు బస్టాండెదురుగా
జెరాక్సు షాపు పక్కనుంచి పదమూడు మెట్లు.
ఎక్కొచ్చిన వాళ్ళకి ముందు మంచినీళ్ళిస్తాను,
తరవాత "వద్దు" అంటాను.
అయినా లేవని వాళ్ళకే కాగితం తీస్తాను.
వ్యాపారం చేసే పద్ధతి ఇది కాదంటాడు
కింద జెరాక్సు నాగేంద్రం.
పదకొండేళ్ళు కువైట్లో ఒకరి వంటింట్లో నించున్నదాన్ని,
నా పద్ధతులు నాకున్నాయి.

వీసాల్లో రకాలంటే వరిలో రకాల్లాంటివే,
గట్టుమీంచి చూస్తే అన్నీ పచ్చగానే ఉంటాయి.
ఇంటిపని వీసాకి గడియ బయటివైపు.
ప్యాకింగు వీసాలో ఎనిమిది గంటలని రాసుంటుంది,
రాసుంటుంది, అంతే.
విజిట్ వీసా మీద పనికి పంపుతానన్నవాడి ఫోను
విమానం ఎక్కేదాకానే మోగుతుంది.
ఇవన్నీ చెప్పడానికే నా రెండు వేలు.

కాకర సువార్త ఆగస్టు ముసురులో వచ్చింది.
గొడుగు గుమ్మంలో వదిలేసి
కుర్చీ అంచున కూచుంది.
ఇంటిపేరు గడి దగ్గర ఆగాం.
"పుట్టింటిదాండీ, అత్తింటిదా?"
పాస్‌పోర్టులో ఏదుంటే అదే అన్నాను.
"అందులో రెండూ కాదండి, ఇంకేదో పడింది."
అది దిద్దించడానికి నెలన్నర.

వృత్తి అన్న గడి ఇంకా ఇరుకు.
రొయ్య తల తుంచడం, వెన్ను చీల్చి నరం లాగడం,
ఆ దేశం వాళ్ళ జాబితాలో ఆ పనికి పేరు లేదు.
వంటమనిషి అని రాశాను.
అబద్ధం కదండీ అంది.
ఇంట్లో వండవా అన్నాను.

బెజవాడ వెళ్ళిన రోజు రాత్రి ఫోను.
"మెషీను నా వేళ్ళు ఒప్పుకోలేదండి."
తుడిచి పెట్టిందట, ఊది పెట్టిందట,
కౌంటరు అబ్బాయి కొంగుకి రాసి పెట్టమంటే
అలాగా పెట్టిందట.
పది వేళ్ళకీ ఎర్రదీపమే.

మర్నాడు చేతులు బల్లమీద పరిపించి చూశాను.
ఆరేళ్ళ ఐసు, అంతకుముందు కొబ్బరి పీచు,
గీతలన్నీ అరిగిపోయి
పాత అణాబిళ్ళలాగా
ఇటు బొమ్మా లేదు, అటు అంకే లేదు.

"మా అమ్మది వేలిముద్రండి.
నాకా గతి పట్టకూడదని ఎనిమిదిదాకా చదివించింది.
ఇంత గుండ్రంగా సంతకం పెడతానంటే
వాడికి వేలే కావాలంటాడేటండి?"
అని నవ్వింది.
నేనూ నవ్వాను. ఏం చెయ్యను.

ఏ ఫారంలోనూ లేని సలహా ఒకటి చెప్పాను.
నలభై రోజులు ఐసు ముట్టుకోకు.
సబ్బొద్దు, బూడిదొద్దు, పీచసలే వద్దు.
రాత్రిళ్ళు ఆముదం రాసి పాతగుడ్డ చుట్టుకో.
తోలు తన రాత తనే మళ్ళీ రాసుకుంటుంది.
ఇంటికి తిరిగొచ్చేప్పుడు
నా వేళ్ళూ ఆ ఊళ్ళో ఇలాగే మొరాయించాయి,
పక్కింటి నేపాలీ పిల్ల చెప్పిన వైద్యం ఇది.

"మరి నలభై రోజుల కూలండి?"
దానికి నా దగ్గర గడి లేదు.

తెల్లారి నాలుగింటి కంపెనీ వ్యాను
వాళ్ళ వీధిలో హారన్ కొట్టి కొట్టి మానేసింది.
ఆడపడుచు గిన్నెలు తోమింది, సణుగుతూనే.
మొగుడు ఏసుదానం కాలవరేవులో బట్టలుతికాడట,
ఎవరూ చూడకుండా చీకటితో.
చిన్నది మాత్రం జడ వేయించుకుంటూ
అమ్మా, ఇవాళ నీ చెయ్యి గుచ్చుకోట్లేదంది.
ఇవన్నీ తరవాత చెప్పింది.

నలభై ఒకటో నాడు వచ్చింది.
స్టాంపు ప్యాడు తెరిచి
తెల్లకాగితం మీద బొటనవేలు అద్దించాను.
పడింది.
సన్నంగా, బెదురుగా, మధ్యలో ఒక సుడి.
ఇద్దరం కాగితాన్ని కిటికీ వెలుగులోకి పట్టుకెళ్ళాం.
"ఇదేనేటండి నేను?"

మళ్ళీ ఎప్పటికి డేటు తియ్యమంటావని అడిగాను.
వెంటనే చెప్పలేదు.
చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని
ఒకదాన్నొకటి నిమురుకుంటూ కూచుంది.
కింద జెరాక్సు మెషీను ఎవరివో కాగితాలు
గబగబా కక్కుతోంది.

"నాలుగు రోజులు ఆగుదామండి," అంది,
"ఇప్పుడేగా వచ్చాయి."